కొత్త సెట్టు వాయిదాల్లో కొనాలా, పాత కాంగాలు బాగు చేయించాలా?

ప్రశ్న: ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో ఒక బ్యాండ్‌లో కాంగాలు, అంటే చేత్తో కొట్టే పొడవాటి క్యూబా డ్రమ్ములు వాయిస్తాను. నా దగ్గర పదేళ్ల నాటి చెక్క కాంగా (మధ్య సైజుది), టుంబా (అన్నిటికన్నా పెద్ద కాంగా), ఒక జత బాంగోలు (చిన్న జంట డ్రమ్ములు) ఉన్నాయి. కాంగా తోలు చిరిగింది, తోలుని బిగించే బోల్టులు తుప్పు పట్టి తిరగడం లేదు. టుంబా చెక్కమీద సన్నటి గీత కనిపిస్తోంది. బాంగోలు ఏడాదిగా ముట్టలేదు. రెండు కాంగాలూ బాగు చేయడానికి నా నెల జీతంలో పావు వంతు అవుతుందన్నారు. కింటో (కాంగా కన్నా చిన్నది), కాంగా, టుంబా ఉన్న కొత్త సెట్టు రెండు నెలల జీతమంత. దాన్ని 12 శాతం ఫ్లాట్ వడ్డీతో 18 నెలల వాయిదాల్లో ఇస్తామంటున్నారు. వాయించడం వల్ల ఏడాదికి ఒక నెల జీతమంత వస్తుంది. చేతిలో మూడు నెలల ఖర్చులకు సరిపడా పొదుపు ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: బాగు చేయించండి. సెట్టు ఇప్పుడు వద్దు.

ముందు ఆ వడ్డీ సంగతి. ఫ్లాట్ వడ్డీ అంటే, మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా చివరిదాకా మొత్తం అసలు మీదే వడ్డీ వేస్తారు. 100 అప్పుకి ఏడాదిన్నరలో 18 వడ్డీ అవుతుంది. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. 12 అని చెప్పిన సంఖ్యకీ దీనికీ ఎంత దూరం ఉందో చూడండి. మీ నెలవారీ వాయిదా జీతంలో సుమారు 13 శాతం. వాయించడం వల్ల వచ్చేది సగటున నెలకి 8 శాతం. అంటే అన్ని ప్రోగ్రాములూ దొరికినా ఆ డబ్బు వాయిదాకి చాలదు, దొరకని నెలలో మొత్తం జీతం నుంచే పోతుంది. పోనీ పొదుపు తీసి కొందామంటే అది దాదాపు ఖాళీ అవుతుంది. మూడు నెలల ఖర్చులంటేనే నాకు తక్కువగా అనిపిస్తోంది. ఆరు నెలలకి చేరేదాకా దాన్ని డ్రమ్ముల కోసం ముట్టకండి.

ఇంకో విషయం గమనించారా? ఆ సెట్టులో మూడు ఉంటే రెండు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. మీ దగ్గర లేనిది కింటో ఒక్కటే. ఒక్క డ్రమ్ము కోసం మూడింటి ధర కట్టడం ఎందుకు?

ఇక బాగుచేత. ఇక్కడే కాస్త ఓపిగ్గా ఆలోచించాలి, ఎందుకంటే అన్ని రిపేర్లూ ఒకే విలువైనవి కావు.

కాంగా తోలు, బోల్టులు మార్చడం కళ్లు మూసుకుని చేయదగ్గ ఖర్చు. ఇవి ఎప్పటికైనా అరిగేవే. చేతి చెమటలోని ఉప్పు ఇనుముని తింటుంది. తిరగని నట్టు మీద పొడుగు స్పానర్ వేసి బలవంతం చేయకండి, బోల్టు విరగడమో చెక్కకి బిగించిన పట్టీ లాగుకుపోవడమో జరుగుతుంది. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ కదలకపోతే ఆ ఒక్క బోల్టూ కోయించి కొత్తది వేయించండి. పాత బోల్టు కొలత, మర దారం సరిపోల్చకుండా కొంటే ఆ డబ్బు వృథా. తోలు కూడా అంతే. కాంగాకి 11.75 అంగుళాలు, టుంబాకి 12.5, కింటోకి 11 అనేవి ఎక్కువగా కనిపించే కొలతలే, కానీ రిమ్ము (తోలుని పట్టి ఉంచే లోహపు చుట్టు) ఆకారం కంపెనీని బట్టి మారుతుంది. మీ డ్రమ్ముకి పెట్టి చూశాకే డబ్బివ్వండి.

పచ్చి తోలా, సింథటిక్ తోలా అన్నది కూడా డబ్బు ప్రశ్నే. ఆరుబయట ఎక్కువ వాయిస్తుంటే సింథటిక్ మేలు. గాలిలో తేమ మారినా శ్రుతి దాదాపు నిలబడుతుంది. గదుల్లో, రికార్డింగుల్లో వాయిస్తుంటే పచ్చి తోలు నాదం వేరు, దాన్ని వదులుకోమని నేను చెప్పను.

టుంబా మీది గీత దగ్గర మాత్రం తొందరపడకండి. అది పైన ఉన్న వార్నిష్‌లో గీతా, చెక్క పగులా? బోల్టులన్నీ వదులు చేసి తోలు తీయండి. చీకటి గదిలో లోపల లైటు పెట్టి బయటి నుంచి చూడండి. వెలుతురు కనిపించినా, గీతకి రెండు పక్కలా నొక్కితే చెక్క కదిలినా అది పగులే. పలకలు కలిసే చోట విడిపోయి ఉంటే జిగురు పట్టించి బిగించే పనివాళ్లు చక్కగా అతికిస్తారు. బోల్టులు పట్టుకునే పట్టీల కింద నుంచి పగులు బయల్దేరితే భారం పడేది సరిగ్గా అక్కడే కాబట్టి మళ్లీ తెరుచుకునే అవకాశం ఎక్కువ. అప్పుడు నా హద్దు ఇది: అదే సైజు మంచి సెకండ్‌హ్యాండ్ టుంబా ధరలో సగం దాటితే రిపేరు మానేయండి. పాతదాని రిమ్ము, బోల్టులు విడిభాగాలుగా దాచుకోండి.

క్యూబాలో ఈ వాద్యాలు రూపుదిద్దుకున్న రోజుల్లో బోల్టులు లేవు. తోలుని మేకులతో కొట్టి, మంట దగ్గర వేడిచేసి శ్రుతి పెంచుకునేవాళ్లు. బోల్టులు వచ్చాక ఆ పని సులువైంది, కానీ పచ్చి తోలుని బిగించి వదిలేస్తే ఆ లాగుడు రాత్రింబవళ్లు చెక్క మీదే ఉంటుంది. అందుకే వాయించడం అయ్యాక ప్రతి బోల్టునీ సమానంగా వదులు చేసి, రిమ్ము తుడిచి పెట్టండి. ఎండలో ఆపిన కారులో బిగించిన డ్రమ్ము ఉంచకండి, పొడి వేడికి తోలు ఇంకా బిగుసుకుని చీలుతుంది. ఏడాదికి రెండుసార్లు బోల్టుల మర మీద కాస్త గ్రీజు రాయండి, తోలుకి అంటకుండా. దీనికయ్యే ఖర్చు దాదాపు సున్నా. పైన అడిగిన పావు జీతంలో పెద్ద భాగం ఈ అలవాటు లేకపోవడం వల్ల వచ్చిందేనని నా నమ్మకం.

డబ్బు ఎక్కడి నుంచి? పావు జీతమంటే మూడు నెలల వాయింపు రాబడి. మొదటి నెల డబ్బుతో కాంగా, తర్వాతి రెండు నెలలతో టుంబా. ఆ తర్వాత ప్రోగ్రాము డబ్బు ఖాతాలో పడిన రోజే మూడు భాగాలు చేయండి: 20 శాతం తోలు, బోల్టుల నిధికి, 50 శాతం కింటోకి, 30 శాతం అత్యవసర పొదుపుకి. సెట్టు ధరలో మూడో వంతు కింటో అనుకుంటే, అప్పు లేకుండా 16 నెలల్లో కొత్తది వస్తుంది. సెకండ్‌హ్యాండ్ అయితే ఇంకా ముందే. బాంగోలు అమ్మితే ఇంకొన్ని నెలలు తగ్గుతాయి. ఏడాదిగా ముట్టలేదంటున్నారు కాబట్టి అమ్మేయమనే నా సలహా. ఉంచుకోవాలనుకుంటే కనీసం ఈ రోజే వదులు చేయండి, చిన్న బాంగో బిగింపు చాలా ఎక్కువ.

సెకండ్‌హ్యాండ్ కింటో చూసేటప్పుడు టేపుతో పై అంచుని రెండు వైపులా కొలవండి. కొలతలు తేడా వస్తే గుండ్రం పోయినట్టే, అలాంటిది ఎంత చవకైనా వద్దు. ప్రతి బోల్టూ మీ చేత్తో తిప్పి చూడండి. విడిభాగాలు ఇప్పటికీ దొరికే మోడలేనా అని ముందే కనుక్కోండి.

ఇంటి బీమా ఉంటే ఒకసారి తీసి చదవండి. సంపాదనకి వాడే వస్తువుల్ని, ఇంటి బయట జరిగిన నష్టాన్ని మినహాయించారేమో చూడండి. డ్రమ్ముల ఫొటోలు, సీరియల్ నంబర్లు, రిపేరు బిల్లులు ఒక చోట పెట్టుకోండి. బిల్లులు పన్ను లెక్కల్లో కూడా పనికిరావచ్చు, మీ అకౌంటెంట్‌ని అడగండి.

ఈ వారం టుంబా తోలు తీసి లైటు పెట్టి చూడండి. గీత ఎక్కడ మొదలైందో, పట్టీ కింద నుంచా కాదా అన్నది రాసి పంపితే, రిపేరుకి ఎంత వరకు పెట్టొచ్చో లెక్క వేసి చెబుతాను.