చెరువు లీజుకు తీసుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి భీమవరం పక్కన ఆరెకరాల రొయ్యల చెరువు లీజుకు తీసుకుంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. వద్దనడానికి రాయడం లేదు. ముప్పై ఏళ్లు చెరువు గట్టు మీద బతికినవాణ్ణి, ఎలా అంటాను? కానీ చెరువు మన ఊళ్లో ఉన్నా, దాని ధర మన ఊళ్లో పుట్టదు. అది తెలిసే దిగు.

నువ్వు పెంచబోయే వనామీ అసలు మన రొయ్యే కాదు. అమెరికా ఖండాల పసిఫిక్ తీరానిది. అంతకుముందు మనం పెంచిన టైగర్ రొయ్య తెల్లమచ్చ రోగంతో దెబ్బతిన్నాక, 2009లో దీని పెంపకానికి మన దేశంలో అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో దిగి, చెన్నైలో క్వారంటైన్ దాటాకే హేచరీలకు, అంటే పిల్లల్ని పుట్టించే కేంద్రాలకు వెళ్తాయి. వాటి పిల్లల్ని మనం పెంచితే, మన ఊరి ఆడవాళ్లు షెడ్లలో తలలు తీసి ఒలుస్తారు. ఆ సరుకు మళ్లీ సముద్రం దాటుతుంది.

2025 సంగతి చూడు. మేలో సీడ్ (రొయ్య పిల్లలు) వేసినవాడికి మన సరుకు మీద అమెరికా అదనపు సుంకం 10 శాతం. పట్టుబడికి వచ్చేసరికి, ఆగస్టు 27న, అది 50 శాతం అయింది. రైతు చేసిన తప్పేమీ లేదు. కొనేవాడు మాత్రం ఈక్వడార్ రొయ్య వైపు చూశాడు. ఆ రాత్రుళ్లు ఎంత టెన్షన్ పడ్డామో నాకు తెలుసు. రైతు ఒక్కడే కాదు, షెడ్లో రోజుకూలీకి వెళ్లే మనిషి కూడా ఆ సుంకానికి లోబడే ఉంది.

అందుకే చెబుతున్నాను, ఆరెకరాల్లో ఒకేసారి సీడ్ వేయకు. మూడెకరాల్లో వేసి, నలభై రోజుల తర్వాత మిగతా మూడూ చూసుకో. కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల లెక్క. పెద్ద రొయ్యకు అమెరికా ధర, చిన్న రొయ్యకు చైనా ధర ఎక్కువగా పనిచేస్తాయి. అమెరికా పడిపోతే వంద కౌంటుకే పట్టేసే వీలుండాలి.

మేత మాత్రం అప్పు మీద తేవద్దు. నేను ఒకసారి ఒక డీలరు దగ్గర తెచ్చి, సరుకు ఎవరికి, ఎప్పుడు అమ్మాలో అతను చెప్పినట్టే విన్నాను. నాలుగు రోజులు ఆగితే మంచి ధర వచ్చేది. ఆగే హక్కు నాకు లేకుండా పోయింది. ఒక పంట మేతకు డబ్బు చేతిలో లేకపోతే మూడెకరాలే తీసుకో నాయనా.

రోగం వచ్చిందని ఎవరైనా యాంటీబయాటిక్ ఇస్తే చెరువు దగ్గరికి రానివ్వకు. యూరప్ ల్యాబ్‌లో దాని ఆనవాలు దొరికితే కంటైనర్ మొత్తం వెనక్కి వస్తుంది. ఏ రోజు ఏం వేశావో పుస్తకంలో రాసి పెట్టుకో.

లీజు కాగితం మీద సంతకం పెట్టకముందే ఆదివారం ఇంటికి రా. కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో, పంట పోతే లీజు తగ్గిస్తారో లేదో ఇద్దరం కూర్చుని చదువుదాం. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

మీ మామయ్య