రెండేళ్లు నిలబడిపోయిన ఎంజీబీని నడుపుకుంటూ ఇంటికి తేవచ్చా – సమాధానం

ముందుగా కంగ్రాట్స్ బ్రో. రెండేళ్లుగా షెడ్‌లోనే ఉన్న 1972 ఎంజీబీ (పాతకాలం బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నా, ఇంజిన్ స్టార్ట్ అవుతోంది, 300 కిలోమీటర్లు నడిపేయొచ్చా అని కదా అడిగావ్. నడపొచ్చు, కానీ కొన్న రోజే వద్దు.

అన్నిటికంటే ముందు టైర్లు. బటన్ (టైరు మీది గాట్లు) బాగుందని మురిసిపోకు, సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద డాట్ కోడ్, అంటే టైరు తయారీ వివరాల కోడ్, చివర నాలుగంకెలు చూడు, 2309 అని ఉంటే 2009లో 23వ వారం తయారైంది అని, అలాంటివాటితో హైవే ఎక్కడం అంటే నాకైతే గుండె దడే. పాత పెట్రోల్ తీసేసి కొత్తది పోయించు, బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చేసి ఉంటుంది కాబట్టి అదీ మొత్తం మార్పించు.

రబ్బర్ బ్రేక్ గొట్టాలు పైకి బానే ఉంటాయి గానీ లోపల ఉబ్బిపోయి పెడల్ వదిలినా చక్రాన్ని పట్టేసే ఉంచుతాయి. అందుకే ఓ పది కిలోమీటర్లు తిప్పి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడు, ముట్టుకోకు, ఒక్కటే సెగలు కక్కుతుంటే దొంగ దొరికినట్టే.

ఇగ్నిషన్ ఆన్ చేయగానే వెనకనుంచి టిక్ టిక్‌మనేది ఎస్‌యూ పంపు (కరెంటుతో నడిచే పెట్రోల్ పంపు), కార్బ్ (కార్బ్యురేటర్) నిండాక ఆగాలి. ఆగకపోతే ఎక్కడో లీకో, గాలి పీలుస్తోందో. అసలు సౌండే లేకపోతే పంపుని స్పానర్ పిడితో మెల్లిగా తట్టు, చాలాసార్లు లేచి కూర్చుంటుంది 😄 కానీ అది ఇంటిదాకా చేరడానికే, తర్వాత పంపు లోపలి పాయింట్స్ (కరెంటు కలిపి విడదీసే కాంటాక్టులు) మార్పించాల్సిందే.

పగలే బయల్దేరు.