రైలు పట్టా కనపడగానే లైను దొరికిందనుకోకు

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నిన్న మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు రామేశ్వరం దీవి కొసన ధనుష్కోడి పాత రైలు లైను వెంట నడిచి, కొలిచి, ఏ మొక్క ఎక్కడ మొలిచిందో పటం గీస్తానంటున్నావట. "మీరైనా వద్దని చెప్పండి బావగారూ" అంది. నేను చెప్పను. మనింట్లో ఇంకొకరికి రైలు కట్ట మీద బుద్ధి పుట్టిందంటే నాకు సంతోషమే. భయమూ ఉందనుకో. కాకపోతే మీ అమ్మ భయం పాములది, ఒంటరితనానిది. నా భయం వేరు, అది కింద రాస్తాను.

ముందు చిన్న విషయాలు కానిచ్చేస్తాను. టోపీ, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, మందపాటి అడుగు ఉన్న బూట్లు. చెప్పులతో వెళితే సర్కారు తుమ్మ ముల్లు అరికాల్లో దిగి విరుగుతుంది, సగం లోపలే ఉండిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అటు అడుగు పెట్టకు. అది తుఫాన్ల కాలం.

లైను ఎత్తేసినంత మాత్రాన నేల ఎవరిదీ కాకుండా పోదు. దక్షిణ రైల్వే మదురై డివిజన్ ఇంజనీరింగ్ విభాగానికి ముందే ఉత్తరం పెట్టు. ఎన్ని రోజులు, ఎంతమంది, ఏ పనిముట్లు అన్నీ అందులో రాయి. డ్రోన్ ఊసే ఎత్తకు, అది సరిహద్దు సముద్రం. ఒక్క డాగ్ స్పైకు కూడా గుర్తుగా సంచిలో వేసుకోకు. తుప్పు పట్టిన మేకే కదా అనుకుంటావు. రైల్వే ఆస్తి అక్రమ స్వాధీనంపై 1966 చట్టం ఉంది, మొదటి నేరానికే ఐదేళ్ల దాకా జైలు వేయొచ్చు. ఫొటో తీసుకో, కొలత రాసుకో, ఎక్కడిది అక్కడే పెట్టెయ్.

ఇప్పుడు అసలు సంగతి. పాడుబడ్డ లైను మీద పని నేర్చుకునే ప్రతివాడూ చేసే తప్పు ఒకటుంది. నేనూ చేశాను. ఇసుకలో పట్టా కనపడగానే లైను దొరికిందనుకుని, అక్కణ్నుంచే కొలతలు మొదలుపెట్టేస్తాం. మామూలు చోట అది తప్పు కాదు. ఉప్పెన వచ్చిన చోట మాత్రం కొంప ముంచుతుంది. 1964 డిసెంబర్ 22 రాత్రి ధనుష్కోడి ఇసుక తిన్నె మీదికి వచ్చింది వాన నీరు కాదమ్మా, సముద్రం. స్లీపర్లకు, అంటే కింద అడ్డంగా పరిచిన చెక్కలకు, మేకులు కొట్టిన పట్టాలు విడివిడిగా కొట్టుకుపోవు. రెండు పట్టాలూ చెక్కలూ కలిసి నిచ్చెనలా ఒక ముక్కగా కట్ట మీంచి లేచి పక్కకు జరుగుతాయి. జరిగి, చక్కగా పరిచినట్టే పడతాయి. చూసేవాడు మోసపోయేది సరిగ్గా అక్కడే. దాన్నే లైను అనుకుని రెండు వైపులా గీత పొడిగించావంటే, ముందు అరకిలోమీటరు వెళ్లేసరికి నీ గీత నీళ్లలో ఉంటుంది. అప్పుడు పటం తప్పనుకుంటావు, ఫోను తప్పనుకుంటావు. తప్పు ఆ మొదటి పట్టాది.

అందుకని పట్టాను వదిలేసి కంకరను వెతుకు. ఆ ఇసుక తిన్నెలో నల్లరాయి పుట్టదు. అక్కడున్నది ఇసుక, గవ్వ, పగడపు రాయి. నల్లరాయి కంకర ఎక్కడ తగిలినా అది వ్యాగన్లో వచ్చిందే. పన్నెండు ఎం.ఎం. ఇనప చువ్వ, నాలుగడుగులది, మొన తీసింది చేతిలో ఉంచుకో. లైను ఉందనుకున్న చోట దానికి అడ్డంగా తాడు లాగి, అటు పదడుగులు, ఇటు పదడుగులు, అడుగుకో పోటు పొడువు. ఇరవై ఒక్క పోట్లు. ఇసుకలోకైతే చువ్వ సర్రున దిగుతుంది. చెక్క తగిలితే దబ్బుమని ఆగి, లాగేటప్పుడు పట్టుకుంటుంది. కంకరైతే కణ్ మంటుంది, మణికట్టు అదురుతుంది. ఒక పూట పొడిస్తే చెవి అక్కర్లేదు, చెయ్యే చెబుతుంది.

మీటర్ గేజి లైనులో, అంటే రెండు పట్టాల మధ్య మీటరు ఎడముండే లైనులో, కంకర పరుపు పైన ఏడెనిమిది అడుగుల వెడల్పుంటుంది, కింద మట్టికట్ట పదహారడుగులు. ఏడెనిమిది పోట్లు వరసగా మోగి, రెండు కొసల్లోనూ టక్కున ఆగిపోతే లైను అక్కడే ఉండేది, పట్టా ఉన్నా లేకపోయినా. ఇరవై అడుగుల పొడుగునా అక్కడక్కడ మాత్రమే మోగితే కంకరను నీళ్లు చెదరగొట్టాయన్నమాట. పైన పట్టా ఉండి కింద ఒక్క రాయీ తగలకపోతే ఆ పట్టా అక్కడిది కాదు, కొట్టుకొచ్చింది. ఇలా యాభై మీటర్లకో అడ్డగీత పొడు. పొరపాటున కూడా రెండు గీతల మధ్య ఊహించి కలపకు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. తిన్నె చివరి కొస అరిచల్ మునై దాకా తారు రోడ్డు వేశారు. రోడ్డు పక్కన దొరికే కంకర రోడ్డుది కావచ్చు. చేతిలోకి తీసుకుని చూడు. రోడ్డు రాయి చిన్నది, అంచులు పదునుగా ఉంటాయి, ఎక్కడో ఒక చోట తారు అంటుకుని ఉంటుంది. లైను రాయి దాదాపు రెండంగుళాలుంటుంది, పట్టాల తుప్పుతో గోధుమరంగు తిరిగి ఉంటుంది. దాని చుట్టూ నల్లటి బొగ్గు నుసి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. అవి ఆవిరింజన్ల రోజులు.

పట్టా తన చోటే ఉందో, కొట్టుకొచ్చిందో తేల్చే రెండో పరీక్ష తాడు. పట్టాలు బాగుచేసే గ్యాంగు వాళ్లకు వేళ్ల మీద వచ్చే లెక్క ఇది. 11.8 మీటర్ల నైలాను తాడు రెండు కొసలూ పట్టా లోపలి అంచుకు ఆనించి బిగించు. సరిగ్గా మధ్యలో తాడుకూ పట్టాకూ ఎన్ని సెంటీమీటర్ల ఎడముంటే వంపు అన్ని డిగ్రీలు. లెక్కే అలా కుదిరింది, 1750ని డిగ్రీలతో భాగిస్తే వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది కనక. మీటర్ గేజికి పదహారు డిగ్రీలు హద్దు, అంటే 109 మీటర్ల వ్యాసార్ధం. సగం తాడు చొప్పున జరుపుతూ కొలుచుకుంటూ పో. 3, 3, 4, 3 అని వస్తే మనిషి పరిచిన వంపు. 2, 11, 19, 5 అని వస్తే సముద్రం విసిరేసిన పట్టా. పొదల వరసకూ ఇదే లెక్క పనికొస్తుంది. దూరం నుంచి లైనులా కనపడే పచ్చటి గీత ఆ పదహారు డిగ్రీలకన్నా గట్టిగా మెలి తిరిగిందంటే అది లైను కాదు, పాత వాగుగట్టో ఇసుక దిబ్బ అంచో అయ్యుంటుంది.

పొదల సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. అయినా కట్ట వైపు నుంచి ఒక మాట. చుట్టుపక్కల నేలకన్నా కట్ట ఒక్క అడుగు ఎత్తున్నా చాలు, ఉప్పు నీళ్లు వేళ్లకు అందవు. కంకర సందుల్లో గాలికొచ్చిన ఇసుక, విత్తనం ఆగుతాయి. బొగ్గు నుసి తడి పట్టి ఉంచుతుంది. అందుకే ముందు మేక గిట్టల్లాంటి ఆకుల బాలబంద తీగ, రావణాసురుడి మీసాల గడ్డి పాకుతాయి, ఆ ఇసుక నిలబడ్డాక తుమ్మ ఎక్కుతుంది. మొక్క పేరు ఒక్కటే రాసి ఊరుకోకు. అది కట్ట నడుమన ఉందా, అంచున ఉందా, సముద్రం వైపా, లోపలి వైపా, నేలకన్నా ఎన్ని సెంటీమీటర్లు పైన ఉందో కూడా రాయి. అవి లేకపోతే నీ పటం వట్టి మొక్కల జాబితా అవుతుంది. రావణాసురుడి మీసాలను ఒట్టి చేత్తో పక్కకు తొయ్యకు. కొస సూదిలా దిగి చర్మంలో విరుగుతుంది.

స్లీపరు కుళ్లిపోయిన చోట కూడా ఆశ వదులుకోకు. చెక్క పోయినా మేకులు నిలబడి ఉంటాయి, లేదంటే ఇసుకలో తుప్పు గొట్టాల్లా మిగులుతాయి. లోపలి వైపు రెండు మేకుల మధ్య సుమారు 93 సెంటీమీటర్లు వస్తే మీటర్ గేజి లైను కాళ్ల కింద ఉన్నట్టే. పట్టా బరువు పోల్చుకోవాలంటే ఎత్తు కొలువు. గజానికి అరవై పౌన్ల పట్టా 114 మిల్లీమీటర్లు, యాభై పౌన్లది 105. అయితే తుప్పు మీద కొలవకు. తుప్పు ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, సన్నబడ్డ పట్టా లావుగా కనపడుతుంది. చిన్న సుత్తితో పెచ్చులు రాల్చి, అప్పుడు పెట్టు కొలబద్ద. పట్టా నడుము మీద, అంటే పక్కవైపు నిలువు భాగం మీద, ఉబ్బెత్తు అక్షరాలుంటాయి, తయారుచేసిన కంపెనీ, బరువు, సంవత్సరం. కంటికి ఆనకపోతే పల్చటి కాగితం వేసి పెన్సిలుతో రుద్దు.

పాత సర్వే ఆఫ్ ఇండియా పటం మీద ఫోను చూపే అంకెలు నేరుగా పెట్టకు. ఆ పటాలు భూమి ఆకారానికి వేసిన ఎవరెస్ట్ అనే పాత లెక్కలో గీసినవి, నీ ఫోను డబ్ల్యుజిఎస్ 84 అనే కొత్త లెక్కలో చూపిస్తుంది. మార్చకుండా పెడితే అక్కడ నూరు మీటర్లకు మించి జరుగుతుంది. స్టేషను గోడ, నీళ్ల ట్యాంకు, చర్చి గోడ, ఈ మూడింటినీ ముందు కొలిచి ఆనవాలు పెట్టుకుని, తర్వాతే లైను దగ్గరికి రా.

ఇక నా భయం. గోడలు, బురద. ఆ గోడలు పగడపు రాయితో సున్నం వేసి కట్టినవి. ఉప్పు లోపలే గడ్డకట్టి సున్నాన్ని పిండి చేస్తుంది, బయటికి మాత్రం రాయి గట్టిగానే కనపడుతుంది. గోడ ఎంత ఎత్తుంటే దానికి ఒకటిన్నర రెట్లు దూరంలో నిలబడు. నీడ కోసం కూడా దాని కిందికి పోకు, మిట్టమధ్యాహ్నం అక్కడ అంతకన్నా నీడ దొరకదని తెలిసే చెబుతున్నాను. లోపలి వైపు ఉప్పునీటి మడుగులుంటాయి. పైన తెల్లగా ఎండి పెంకులా ఉంటుంది, కింద మోకాటి లోతు బురద. దగ్గరి దారి కదా అని వాటి మీంచి అడ్డంగా వెళ్లావంటే ఊరుకోను. చువ్వ నీ చేతిలోనే ఉంటుంది కదా, ప్రతి అడుగుకీ ముందు పొడిచి చూసుకో. చేతి బరువుకే దిగిపోయిందంటే వెనక్కి తిరుగు. కనీసం ముగ్గురు ఉండండి. ఒకరు ఎప్పుడూ గట్టి నేల మీదే ఉండాలి, పొడుగాటి తాడుతో. చీకటి పడకముందే రోడ్డెక్కెయ్యండి.

కోప్పడుతున్నాననుకోకు. ఆ లైను అంటే నాకు వేరే లైన్లలా కాదు. 1914లో పాంబన్ వంతెన తెరిచాక మద్రాసులో బోట్ మెయిల్ రైలు ఎక్కినవాడు ధనుష్కోడిలో దిగి, అక్కడే స్టీమరెక్కి తలైమన్నార్ చేరేవాడు. కొలంబో దాకా ఒకటే టికెట్టు. ఆ స్టీమర్లకు గోషెన్, ఇర్విన్ అని పేర్లు. 1964లో ఆ ఉప్పెన రాత్రి పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు ప్యాసింజరు స్టేషను చేరలేదు. వందకు పైగా మనుషులు అందులోనే పోయారు. తర్వాత వంతెనను 46 రోజుల్లో నిలబెట్టారు కానీ, ఈ ముక్కను మళ్లీ వెయ్యలేదు. 2019లో కొత్త లైనుకు శంకుస్థాపన జరిగింది, పట్టాలు మాత్రం పడలేదు. పడితే ముందు పొక్లెయిన్ వస్తుంది, నువ్వు కొలవబోయే కట్ట మిగలదు. అందుకే ఈ ఏడే వెళ్లమంటున్నాను. ఆ పట్టాల మీద ఫోజులిచ్చి ఫొటోలు దిగే వాళ్లు కనపడితే వాళ్లతో గొడవ పడకు, నువ్వు మాత్రం దిగకు.

చువ్వను ఈ ఆదివారం మీ నాన్నకిచ్చి పంపిస్తాను. మొన తీసి, పట్టుకునే చోట సైకిలు ట్యూబు చుట్టాను, లేకపోతే రెండో రోజుకే అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. తాడు కూడా పెడుతున్నాను. 11.8 దగ్గర ఎర్ర ముడి, దాని సగంలో నల్ల ముడి ఉంటాయి. నైలాను తడిస్తే సాగుతుంది, రోజూ పొద్దున్నే టేపుతో ఒకసారి సరిచూసుకో. మొదటి మూడు అడ్డగీతల పోట్లు రాసిన కాగితం ఫొటో తీసి ఆ సాయంత్రమే నాకు పంపు. చూసి చెప్పేదాకా నాలుగోది పొడవకు.

మీ పెదనాన్న