అరిగిన డినేరియస్ తూకం: అల్లుడికి జాబు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఫోటోలు చూశాను. నువ్వు కొన్న డినేరియస్, అదే పాత రోమన్ వెండి నాణెం, 3.2 గ్రాములే తూగిందని, మోసపోయానేమోనని టెన్షన్ పడుతున్నావు. ముందు నీ త్రాసు సంగతి తేల్చుకో. మీ ఇంగ్లండులో 5 పెన్నీల నాణెం 3.25 గ్రాములు. కొత్తది ఒకటి పెట్టి తూచు. అది సరిగ్గా వస్తేనే రోమన్ నాణెం జోలికి వెళ్లు.

డినేరియస్ అంటే 4.5 గ్రాములని ఎక్కడో చదివి ఉంటావు. అది క్రీ.పూ. 211 ప్రాంతంలో, నాణెం కొత్తగా వచ్చినప్పటి లెక్క. తర్వాత రోమన్ పౌను (వాళ్ల తూకపు కొలత) వెండికి 84 చొప్పున కొట్టారు, అంటే ఒక్కోటి 3.9 దగ్గర. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దాన్ని 96 చేసి 3.4కి దించాడు. కాబట్టి ఎవరి నాణెమో తేలకుండా తక్కువ తూగిందనకూడదు. నీ దాని మీద ఒకవైపు ఓడ, రెండోవైపు సైనిక పతాకాల మధ్య గద్ద. రోమన్ సేనాని మార్క్ ఆంటొనీ క్రీ.పూ. 32-31లో తన సైన్యం కోసం కొట్టించినది. అవి కొత్తలోనే 3.5 నుంచి 3.9 దాకా ఉండేవి. పౌనుకి ఎన్ని వచ్చాయన్నదే చూసేవారు గానీ ఒక్కోదాన్నీ సరిచూసేవారు కాదు.

పైగా ఆంటొనీ కల్తీ చేశాడు. ఇనుము కలిపాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు, కలిసింది మాత్రం రాగి. మంచి వెండిని జనం దాచుకుని వీటిని ఖర్చు పెట్టేవారు. అలా 200 ఏళ్ల పైన చేతులు మారాయి. నీ గద్దకి ముక్కూ లేదు, ఈకలూ లేవు. ఓడ తెడ్లు నున్నబడ్డాయి. అంత అరిగాక 3.2 ఉందంటే నాకేమీ వింతగా లేదు.

తరుగు కంటికి కనబడాలి, అంతే. బొమ్మ పదునుగా ఉండి 2.8 తూగితే అప్పుడు భయపడు. నేను ఒకసారి టైబీరియస్ చక్రవర్తి నాణెం అలాగే కొన్నాను. ముఖం చూసి మురిసిపోయి తూకం పట్టించుకోలేదు. ఇంటికొచ్చి భూతద్దం పెడితే అంచు మీద ఆవగింజంత పచ్చటి చిలుము. లోపల రాగి బిళ్ల, పైన వెండి రేకు! రోమన్ల కాలపు దొంగ నాణెమే, డబ్బు మాత్రం నాది.

ఇంకా అనుమానం తీరకపోతే నీళ్లలో తూచు. గ్లాసు నీళ్లు త్రాసు మీద పెట్టి సున్నా చెయ్యి. నాణేన్ని సన్నటి దారంతో, అడుగుకీ పక్కలకీ తగలకుండా ముంచి పట్టుకో. 0.31 గ్రాములు చూపిస్తే వెండే, 3.2ని దాంతో భాగిస్తే సాంద్రత 10.3 వస్తుంది. 0.35 అయితే 9.1, లోపల రాగి. తేడా 0.04 మాత్రమే కాబట్టి నీ వంటింటి త్రాసు చాలదు, మిల్లీగ్రాములు చూపే త్రాసు కావాలి. నాణేనికి గాలి బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది.

మీ అత్త చెప్పిందని చింతపండు పెట్టి తోమకు. ఉన్న తూకం కూడా పోతుంది.

గద్ద కాలి దగ్గర చిన్న గాటు ఉంది చూడు. అది సొమ్ము పరీక్షించేవాళ్లు ఆ కాలంలోనే వేసిన ముద్రలా ఉంది. దాని లోపలి రంగు దగ్గర నుంచి ఫోటో తీసి పంపు.

మావయ్య