చావుకు సిద్ధపడడమంటే మా ఇళ్లల్లో ఏం చేస్తారంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆఫీసులో మీ పక్క సీటులో ఉండే ముస్లిం మిత్రుడు ప్రతి మాటకీ "ఇన్షా అల్లాహ్, బతికుంటే" అంటాడు. నలభై నిండకముందే వీలునామా రాసి పెట్టుకున్నాడు. ఇతనికేమైనా మనసు బాగాలేదా, లేక మతంలోనే ఇలా ఉందా అని మీ సందేహం. మాకు చావంటే భయం వేయదా అని, వాళ్లింట్లో ఎవరైనా పోతే మీరు వెళ్లవచ్చా అని కూడా అడిగారు.

నేను ఆలిమ్‌ను, అంటే మతం చదువుకున్న పండితుణ్ణి కాను. నంద్యాల వైపు మాకు బట్టల కొట్టు ఉంది, మా నాయన పెట్టింది. చీరలు, పంచెలతో పాటు కఫన్ గుడ్డ, అంటే శవానికి చుట్టే గుడ్డ కూడా అమ్ముతాం. మసీదు తరఫున మయ్యత్‌కు (శవానికి) స్నానం చేయించే పెద్దల వెంట నేనూ వెళ్తుంటాను. కాబట్టి ఈ సంగతి నాకు పుస్తకాల్లో కంటే కొట్లోనే ఎక్కువ తెలిసింది.

ముందు మీ మిత్రుడి మాట. "రేపు ఫలానా పని చేస్తాను" అని ఊరికే అనవద్దు, "అల్లాహ్ తలిస్తే" అని కలిపి చెప్పు అని ఖుర్ఆన్ 18వ సూరాలో (అధ్యాయంలో) ఉంది. అది అలవాటుగా వచ్చే మాటే, దానికి టెన్షన్ పడాల్సిన పనిలేదు. చావును తలచుకోమన్నదీ నిజమే. "సుఖాలను తెంచేసేదాన్ని ఎక్కువగా గుర్తు చేసుకోండి" అన్న ప్రవక్త ముహమ్మద్ (స, ఆయనపై శాంతి కలుగుగాక) మాట తిర్మిజీ అనే హదీసు గ్రంథంలో ఉంది. ప్రవక్త మాటలు, చేతల కథనాలనే హదీసులంటారు. అయితే కష్టం వచ్చిందని చావు కోరుకోవద్దని చెప్పిందీ ఆయనే. ప్రళయం ముంచుకొచ్చే వేళ చేతిలో మొక్క ఉంటే, వీలైతే దాన్ని నాటేయమన్నారు కూడా. అందుకని మీ మిత్రుడు ఒకపక్క వీలునామా రాసి, ఇంకోపక్క పిల్లల స్కూలు ఫీజుల గురించీ ఇంటి లోను గురించీ మాట్లాడుతుంటే అంతా సవ్యంగానే ఉన్నట్టు. అలా కాకుండా "నాకు బతకాలని లేదు" అంటున్నాడా? అప్పుడు దాన్ని మతం ఖాతాలో వేయకండి. కూర్చోబెట్టి మాట్లాడండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక సిద్ధపడడం. బయటివాళ్లకు ముందు కనిపించేది కఫన్. మగవాళ్లకు మూడు గుడ్డలు, ఆడవాళ్లకు ఐదు. తెల్లటి నూలు గుడ్డ, కుట్టు మిషను ఎక్కించరు. మనిషి ఎత్తునూ గుడ్డ పన్నానూ చూసుకుని చింపి ఇస్తాం. కఫన్ గుడ్డకు మా కొట్లో బేరం ఉండదు. అడిగేవాళ్లు అడగరు, మేమూ ఎక్కువ చెప్పం. ఒంట్లో ఏ జబ్బూ లేని ముసలివాళ్లు కూడా అప్పుడప్పుడు వచ్చి తమ కోసం కొనిపెట్టుకుంటారు. ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు వెళ్లేవాళ్లు కొందరు గుడ్డ వెంట తీసుకెళ్లి అక్కడి పవిత్రమైన జమ్‌జమ్ బావి నీళ్లలో తడిపి, ఆరబెట్టి తెచ్చుకుంటారు. అది మతం పెట్టిన నియమమేమీ కాదు, వాళ్ల తృప్తి. కఫన్ ముందే దాచుకోవడం మాత్రం కొత్త సంగతి కాదు. ఒకావిడ స్వయంగా నేసి ప్రవక్తకు ఇచ్చిన దుప్పటిని ఒక సహచరుడు అడిగి తీసుకున్నాడు. మిగతావాళ్లు తప్పుపడితే, నా కఫన్‌గా ఉంటుందని అడిగాను అన్నాడు. చివరికి దానిలోనే ఆయన్ను ఖననం చేశారని బుఖారీ అనే హదీసు గ్రంథంలో ఉంది.

మా జేజి (నాయనమ్మ) కఫన్ ఆమె ఇనప్పెట్టెలో అడుగున ఉండేది, పక్కన చిన్న అత్తరు సీసా. ఏటా రంజాన్‌కు ముందు మిద్దె మీద చాప పరిచి దాన్ని ఎండబెట్టేది. పిల్లలం దాని మీదికి ఎక్కితే తిట్టేది కూడా కాదు, "కాళ్లు కడుక్కొని ఎక్కండ్రా" అనేది, అంతే. ఒకసారి అర్ధరాత్రి మా వీధిలో ఒకామె పోయింది, చాలా పేదవాళ్లు. మా కొట్టు తాళాలు ఊరికెళ్లిన నాయన దగ్గర ఉన్నాయి. జేజి పెట్టె తీసి తన కఫన్ ఇచ్చేసి, వారం తిరక్కుండా కొత్తది చింపించుకుంది. డబ్బులు తీసుకోవాల్సిందేనని నాయనతో గొడవ పెట్టుకుంది. కొడుకు అప్పు కఫన్ మీద ఉండకూడదట!

అసలు సిద్ధపాటు ఈ అప్పు దగ్గరే మొదలవుతుందని నా అభిప్రాయం. ఎవరినైనా జనాజా నమాజుకు, అంటే ఖననానికి ముందు శవం ముందు నిలబడి చేసే నమాజుకు తెస్తే "ఇతనికి అప్పులేమైనా ఉన్నాయా?" అని ప్రవక్త అడిగేవారు. తీర్చే దారిలేని అప్పుంటే నమాజు తాను చేయించకుండా "మీరు చేయండి" అనేవారు. ఒకసారి అలాగే ఆగిపోతే అబూ ఖతాదా అనే సహచరుడు "ఆ బాకీ నాది" అన్నాక చేయించారు. తర్వాతి రోజుల్లో ఖజానాకు రాబడి పెరిగాక, అప్పుతో పోయినవారి బాకీ నేనే తీరుస్తానని ప్రకటించారు. అల్లాహ్ దారిలో ప్రాణమిచ్చినవాడికి కూడా అన్నీ మాఫ్ అవుతాయి కానీ అప్పు కాదని 'సహీహ్ ముస్లిం' అనే హదీసు గ్రంథంలో ఉంది.

అందుకే మా వైపు జనాజా నమాజుకు వరసలు కట్టాక, తక్బీర్ ("అల్లాహు అక్బర్" అనే మాట) చెప్పకముందు పెద్దకొడుకు జనం వైపు తిరిగి నిలబడతాడు. "మా నాయన ఎవరికైనా బాకీ ఉంటే నా దగ్గరికి రండి, నేను కడతాను. ఎవరినైనా నొప్పించి ఉంటే మాఫ్ చేయండి" అంటాడు. ఏడుస్తూ సగం మాటలు మింగేస్తాడు కానీ అందరికీ అర్థమవుతుంది. చిన్న బాకీలైతే చాలామంది అక్కడికక్కడే "మాఫ్" అనేస్తారు. మా ఖాతా పుస్తకంలో పండగ బాకీలు నేనూ అలా కొట్టేశాను. పెద్ద మొత్తాలు పోయినవారి ఆస్తిలోంచి రావాలి. కఫన్, ఖననం ఖర్చు ముందు, ఆ తర్వాత అప్పులు, ఆ తర్వాత వీలునామా, మిగిలింది వారసులకు. ఇదీ వరస. ఆస్తికి మించిన అప్పు తీర్చడం కొడుకుల మంచితనమే తప్ప వాళ్ల మీద తప్పనిసరి కాదు.

మా కొట్టు ఎదుట ఒక టైలరుండేవాడు. చొక్కా జేబులో చిన్న డైరీ, ఒక పేజీలో తాను ఇవ్వాల్సినవి, ఇంకో పేజీలో తనకు రావాల్సినవి. తీరిన వాటి మీద గీత కొట్టేవాడు. పోయిన రోజు సాయంత్రానికల్లా వాళ్లబ్బాయి ఆ డైరీ పట్టుకుని వీధిలో అందరి దగ్గరికీ వచ్చాడు. ఇప్పటి మనుషుల బాకీలన్నీ ఫోన్ లాక్ వెనకే ఉంటాయి. బంగారం తాకట్టు ఎక్కడో, ఏ యాప్‌లో ఎంత తీసుకున్నాడో భార్యకే తెలియదు. చావును రోజూ తలచుకుంటామనే మనుషులు ముందు ఒక కాగితం మీద ఈ లెక్క రాసి బీరువాలో పెట్టాలి. రాయాల్సిన ఆస్తో బాధ్యతో ఉన్న ముస్లిం, వీలునామా తన దగ్గర లేకుండా రెండు రాత్రులు గడపకూడదని హదీసు. మీ మిత్రుడు చేసింది అదే.

ఆ వీలునామాకు హద్దుంది. ఆస్తిలో మూడో వంతు దాకే. సఅద్ అనే సహచరుడు జబ్బుపడి ఆస్తంతా దానం రాస్తానంటే ప్రవక్త వద్దన్నారు. సగం అంటే వద్దన్నారు. మూడో వంతు అంటే "మూడో వంతు, అదీ ఎక్కువే. నీ వారసుల్ని చేయి చాపే స్థితిలో వదలడం కంటే ఉన్నవాళ్లుగా వదలడం మేలు" అన్నారు. మిగతాది 4వ సూరాలో చెప్పిన వాటాల ప్రకారం పోతుంది. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, కొడుక్కి రెండు పాళ్లయితే కూతురికి ఒకటి. ఆ ఒక్క పాలు కూడా మా వైపు చాలా ఇళ్లల్లో ఆడపిల్లకు చేతికి రాదు. "పుట్టింటి రాకపోకలు పోగొట్టుకోకమ్మా" అని సంతకం పెట్టించుకుంటారు. పోయినవారి కోసం మూడోరోజు జియారత్, నలభయ్యో రోజు ఫాతెహా అనే ప్రార్థనలు చేయవచ్చా కూడదా అని మసీదు అరుగు మీద గంటలు గంటలు వాదించేవాళ్లలో అక్క వాటా ఇవ్వనివాళ్లు నాకు తెలుసు. చేసేవాళ్లున్నారు, చేయనివాళ్లున్నారు, నేను ఆ వాదనలోకి దిగను. వాటా సంగతిలో మాత్రం రెండు పక్షాలకూ తేడా లేదు, అది ఖుర్ఆన్‌లో అంకెలతో సహా ఉంది.

మహర్, అంటే పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము, కూడా అప్పే. నికాహ్ (పెళ్లి) వేళ రాయించి, "తర్వాత ఇస్తాలే" అని వదిలేసిన మహర్ భర్త మీద భార్య బాకీ. చాలామంది ఇవ్వకుండానే పోతారు. అప్పుడు జనాజా (శవపేటిక) లేపే ముందు పెద్దాడవాళ్లు ఆమె చుట్టూ చేరి "మహర్ మాఫ్ చేసినానని చెప్పు తల్లీ" అంటారు. మా బంధువులింట్లో ఇలాగే అడిగితే ఆమె "రోంత నీళ్లియ్యక్కా ముందు" అందట. పొద్దున్నుంచీ గొంతు తడుపుకోలేదు పాపం. మా ఆవిడ అక్కడే ఉంది, ఇంటికొచ్చి చెప్పింది. భార్య మనస్ఫూర్తిగా వదులుకుంటేనే మహర్ భర్తకు చెల్లుతుందని ఖుర్ఆన్ మాట. శవం పక్కన కూర్చుని ఏడుస్తున్న మనిషి చేత అనిపించింది మనస్ఫూర్తి ఎలా అవుతుంది? ఇది మతం కాదు, మొగవాళ్ల బద్ధకం. ఆ నెలలోనే నేను మా ఆవిడకు మహర్ బంగారంగా ఇచ్చి, నికాహ్‌నామా జిరాక్సు మీద ఆమె చేత "ముట్టింది" అని రాయించాను. "ఏం, ఎక్కడికైనా పోతున్నావా?" అని నవ్వింది.

భయం సంగతీ అడిగారు కదా. ఉంటుంది, ఎందుకుండదు! మొదట్లో స్నానానికి వెళ్లొచ్చిన రాత్రి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పని మీదే ధ్యాస ఉంటుంది. రేగాకు వేసి కాచిన నీళ్లు, చివరి విడతలో కర్పూరం, ఒంటి మీద గుడ్డ తొలగకుండా కింద చెయ్యి పెట్టి కడగడం. వేలికి ఉంగరం బిగుసుకుని ఉంటే సబ్బు నురగతో మెల్లగా తిప్పి తీయాలి, లాగకూడదు. కడిగినవాడు అక్కడ చూసింది బయట చెప్పకూడదు, ఇది గట్టి నియమం. బతికున్నవాడికి నొప్పి పుడుతుందేమో అన్నట్టే మా పెద్దాయన చెయ్యి వేస్తాడు. అది చూశాక నా భయం చాలావరకు తగ్గింది.

ఇక వెళ్లడం. తప్పకుండా వెళ్లండి. ఒక యూదుడి శవయాత్ర పోతుంటే ప్రవక్త లేచి నిలబడ్డారు. అతను యూదుడు కదా అంటే "అదీ ఒక ప్రాణమే కదా" అన్నారు. మా ఊళ్లో హిందూ మిత్రులు జనాజాకు భుజం పడతారు, ఎవరూ ఏమీ అనరు. నమాజు వేళ పక్కన నిలబడితే చాలు, నాలుగు తక్బీర్లు, అయిదు నిమిషాల్లో అయిపోతుంది, అందులో వంగడాలూ సాష్టాంగాలూ ఉండవు. గోరీ దగ్గర మూడు దోసిళ్ల మట్టి వేస్తారు, మీరూ వేయవచ్చు. మీతో వచ్చే ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు (శ్మశానానికి) కాకుండా ఇంట్లో ఆడవాళ్ల దగ్గర కూర్చుంటే బాగుంటుంది. పూలదండ తీసుకెళ్లకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, అన్నం మాత్రం తీసుకెళ్లండి. ప్రవక్త పెదతండ్రి కొడుకు జాఫర్ యుద్ధంలో చనిపోయిన కబురు వచ్చినప్పుడు "జాఫర్ ఇంటివాళ్లకు అన్నం వండి పంపండి, వాళ్లు ఆ దుఃఖంలో ఉన్నారు" అన్నారు. భర్త పోయిన భార్యకు నాలుగు నెలల పది రోజులు, మిగతావాళ్లకు సంతాపం మూడు రోజులే. కాబట్టి మీ మిత్రుడు నాలుగో రోజే ఆఫీసుకొచ్చి కూర్చుంటే ఆశ్చర్యపోకండి. మాంసాహారం అక్కర్లేదు. పులిహోర, పెరుగన్నం, పిల్లలుంటే ఇడ్లీలు ఇవ్వండి. గిన్నెలు వెంటనే అడక్కండి.