పాఠకుల ప్రశ్నలు: ఫిల్ము కెమెరాతో మొదలుపెట్టేవారికి

ప్రశ్న: మాది కోనసీమలో ఒక చిన్న పట్టణం. చాలా ఏళ్లుగా డిజిటల్ కెమెరాతో పెళ్లిళ్లు తీస్తున్నాను. నాన్నగారి పాత స్టూడియో సామాన్లు సర్దుతుండగా ఆయన వాడిన నికాన్ ఎఫ్‌ఎం2, ఒక డెవలపింగ్ ట్యాంకు, కొన్ని ఇందు రీళ్లు దొరికాయి. అప్పటి నుంచి మోజు పెరిగి మరో రెండు పాత కెమెరాలు కూడా కొన్నాను. రీళ్లను నేనే ఇంట్లో కడుక్కోవచ్చా? మా ఎండలకు అది సాధ్యమేనా? పెళ్లిళ్లు కూడా ఫిల్ముపై తీయాలని ఉంది. సలహా ఇవ్వగలరు.
— ఒక పాఠకుడు

జవాబు: ముందుగా ఒక మాట: ఇక కెమెరాలు కొనకండి. 1982లో వచ్చిన ఎఫ్‌ఎం2లో షట్టరు పూర్తిగా యాంత్రికం. లోపలి రెండు బటన్ బ్యాటరీలు లైట్ మీటరుకే కాబట్టి అవి అయిపోయినా కెమెరా పనిచేస్తుంది. పనితనం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచిది అక్కర్లేదు. వెనుక మూత తీసి అంచుల్లోని నల్ల స్పాంజి జిగటగా కరిగిందేమో చూడండి. కరిగితే వెలుతురు లోపలికి చొరబడుతుంది కనుక దాన్ని మార్పించాలి. రీలు ఎక్కించాక లీవరు తిప్పినప్పుడల్లా ఎడమవైపు రీవైండ్ మీట కూడా తిరుగుతోందో లేదో గమనించండి. అది తిరగకపోతే ఫిల్ము పళ్లకు పట్టలేదన్నమాట. తీసినదంతా వృథా అవుతుంది.

ఇందు రీళ్లతో ఫోటోలు తీయాలని ఆశపడవద్దు. వాటిని తయారుచేసిన ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడి ఏళ్లు గడిచాయి, అంతకాలం వేడిలో పడి ఉన్న ఫిల్ముపై పొగలాంటి మసక పేరుకుంటుంది. అయినా వాటిని పారేయకండి. ట్యాంకులో ఫిల్మును చుట్టి ఉంచే స్పైరల్ చట్రానికి ఫిల్ము ఎక్కించడం ముందు వెలుతురులో, తర్వాత కళ్లు మూసుకుని, చివరకు చీకటి గదిలో సాధన చేయడానికి అవే సరైనవి. కొత్త రీలు దిగుమతి సరుకు, ధర ఎక్కువ. దాన్ని సాధనకు ఖర్చు చేయడం తగదు.

ఇక అసలు ప్రశ్న. నలుపు తెలుపు ఫిల్మును ఇంట్లో తప్పకుండా కడుక్కోవచ్చు. చిక్కల్లా ఎండతోనే. డెవలపర్ (ఫిల్ముపై బొమ్మను తేల్చే రసాయనం) పట్టికల్లో సమయాలు సాధారణంగా 20 డిగ్రీలకు ఇస్తారు, మన మేడమీది ట్యాంకు నీళ్లు మే నెలలో 35 డిగ్రీలు దాటుతాయి. అంత వేడిలో డెవలపర్ మరీ చురుగ్గా పనిచేస్తుంది. అయిదు నిమిషాలకు లోపే పని ముగిస్తే ఫిల్ము అంతటా సమంగా రాదు. అందుకని 20 కోసం తంటాలు పడకుండా 24 డిగ్రీలను లక్ష్యంగా పెట్టుకుని, డెవలపర్‌ను సమపాళ్లలో నీళ్లు కలిపి పలచన చేయండి. ఉదాహరణకు ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ఫిల్మును ఐడీ-11 అనే డెవలపర్‌లో ఇలా కడిగితే 20 డిగ్రీల వద్ద 13 నిమిషాలు పడుతుంది, 24 వద్ద సుమారు 9 నిమిషాలు చాలు. సీసాలన్నిటినీ ఒక టబ్బు నీళ్లలో నిలబెట్టి, ఆ నీళ్లలో ఐసు వేస్తూ థర్మామీటరుతో చూసుకోండి. ఐసును రసాయనంలో మాత్రం వేయకూడదు. చివర కడిగే నీళ్లు కూడా దాదాపు అదే వేడిలో ఉండాలి, ఎందుకంటే ఒక్కసారిగా తేడా వస్తే జెలటిన్ పొర ముడతలు పడే ప్రమాదం ఉంది.

డెవలపర్ తర్వాత బొమ్మను చెరగకుండా నిలిపే ఫిక్సరు (మన పాత స్టూడియోల వారు దీన్నే హైపో అంటారు) ఇంకా పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఫిల్ము మొదట్లో కత్తిరించే ముక్కను వెలుతురులోనే అందులో వేయండి. పాలరంగు పోయి పారదర్శకం కావడానికి ఎంతసేపు పట్టిందో దానికి రెట్టింపు సేపు అసలు ఫిల్మును ఉంచాలి.

డిజిటల్ అలవాటున్నవారు వెలుగు కొలతలో తరచూ తడబడతారు. డిజిటల్‌లో తెలుపు కాలిపోతే తిరిగి రాదు, నెగెటివ్‌లో నీడ నమోదు కాకపోతే తిరిగి రాదు. మిట్టమధ్యాహ్నం తెల్లపంచె కట్టుకున్న పెద్దాయనను తీస్తున్నారనుకోండి; మీటరు ఆ తెలుపును చూసి వెలుగు తగ్గించమంటుంది, దాని మాట వింటే ముఖం నల్లబడుతుంది. దగ్గరికి వెళ్లి ముఖం మీద కొలవండి. అనుమానముంటే ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుగు) ఎక్కువే ఇవ్వండి, ఫిల్ము భరిస్తుంది.

పెళ్లిళ్ల విషయంలో మాత్రం నేను వద్దనే అంటాను. డబ్బు తీసుకున్న చోట జీలకర్ర-బెల్లం పెట్టే క్షణాన్ని 36 ఫ్రేముల రీలు మీద, చూసుకునే వీలు లేకుండా పందెం కాయడం న్యాయం కాదు. డిజిటల్‌లో పని పూర్తి చేసి, ఇంటివారికి ముందే చెప్పి పక్కన ఒక్క నలుపు తెలుపు రీలు తీయండి. వారు ఆ ఫిల్ము ఫోటోలనే అడిగే రోజు వస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి వచ్చేటప్పుడు రీళ్లు తెస్తానంటున్నాడు. విమానాశ్రయంలో ఎక్స్‌రే వల్ల పాడవుతాయా?
— ఒక పాఠకురాలు

జవాబు: పాడవుతాయమ్మా. చెక్-ఇన్ సామానులో అసలు పెట్టవద్దని చెప్పండి, అక్కడి యంత్రాలు ఫిల్మును మసకబారుస్తాయి. చేతి సామానుకు కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు కూడా ప్రమాదమే. రీళ్లను డబ్బాలలోంచి తీసి పారదర్శకమైన సంచిలో వేసుకుని, చేత్తో తనిఖీ చేయమని అడగాలి. అమెరికాలో ఆ వెసులుబాటు ఉంది. ఇంటికి చేరాక మళ్లీ డబ్బాల్లో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, కానీ వాడే ముందు కొన్ని గంటలు బయట ఉంచిన తర్వాతే మూత తీయండి, లేకపోతే తేమ పడుతుంది.