బడులకు తీసుకెళ్లే నాటికను ఎంచుకునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ కళాశాల విద్యార్థులతో ఒక పిల్లల నాటికను సిద్ధం చేయించి, విజయనగరం నుంచి గజపతినగరం, బొబ్బిలి, సాలూరు వైపు బడుల్లో ఆడించాలనుకుంటున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. నువ్వు పంపిన మూడు నాటికలూ శ్రద్ధగా చదివాను. వాటిలో ఏది తీసుకోవాలో చెప్పమన్నావు గాని, ఆ తీర్పు పిల్లల దగ్గర తెచ్చుకోవలసినదని నా నమ్మకం.

దగ్గరలోని ప్రాథమిక పాఠశాలకు వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో నాలుగో తరగతి పిల్లల ముందు కూర్చొని, అభినయమేమీ లేకుండా మామూలు గొంతుతో, రోజుకొకటి చొప్పున ఆ నాటికలను చదివి వినిపించు. నీ పక్కన ఒక విద్యార్థిని కూర్చోబెట్టి, పిల్లలు ఎక్కడ పక్కవాడి పెన్సిలు లాక్కున్నారో, ఎక్కడ కిటికీ వైపు చూశారో, ఎక్కడ కదలకుండా వింటూ ఉండిపోయారో కాగితం అంచున గుర్తు పెట్టించు. మరునాడు వెళ్లి కథ చెప్పమని అడుగు. పాత్రల పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు. ఎవరికి ఏం కావలసి వచ్చింది, దానికోసం ఏం చేశారు అన్నది చెప్పగలిగితే ఆ నాటిక నిలుస్తుంది. చివరి నీతివాక్యం ఒక్కటే అప్పజెప్పారంటే, ఎంత మంచి విషయం మీద రాసినదైనా దాన్ని పక్కన పెట్టెయ్యి.

నీ మూడో నాటికలో దీపాలార్పి రంగం మార్చే చోట్లు చాలా ఉన్నాయి. మీరు ఆడబోయేది పట్టపగలు, చాలాచోట్ల వరండాలోనో చెట్టుకిందో. అక్కడ చీకటి దొరకదు, తెర ఉండదు, మైకు ఉంటుందన్న నమ్మకమూ లేదు. పాత్రధారులు పక్కనే అందరికీ కనబడుతూ కూర్చొని, తమ వంతు రాగానే లేచి వచ్చేందుకు వీలైన కథ కావాలి. మన తప్పెటగుళ్ల కళాకారులు గుండెమీద తప్పెట కట్టుకొని, ఆటా పాటా తామే అయి, ఆరుబయట కథను ఎలా నడిపిస్తారో మీ విద్యార్థులకు ఒకసారి చూపించు. గొంతు ఎక్కడ పెంచాలో, అడుగుతో కథను ఎలా ముందుకు నెట్టాలో వాళ్లను చూస్తే తెలుస్తుంది.

మొదటి నాటికను మాత్రం తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. అందులో పనివాడొక్కడే మన యాసలో మాట్లాడతాడు, అతడు నోరు విప్పినప్పుడల్లా ప్రేక్షకులు నవ్వాలన్నది రచయిత ఉద్దేశం. ఇంట్లో అమ్మానాన్నలతో అదే యాసలో మాట్లాడే పిల్లలకు ఆ నవ్వు గుచ్చుకుంటుంది. వాడుకభాషలో రాసిన కన్యాశుల్కం 1892లో తొలిసారి వేదికెక్కిన ఊరు మనది. కథానాయకుడి నోట మన మాట వినిపించడానికి ఇక్కడ సంకోచమెందుకు?

సీతంపేట గిరిజన ఆశ్రమ పాఠశాలలకూ వెళ్తామన్నావు. అక్కడ చాలామంది పిల్లల ఇంటి భాష సవర. రెండో నాటికలో మేక తప్పిపోయిన ఘట్టం మాటలు తీసేసినా అర్థమవుతుంది గనుక, ముందుగా దాన్నే వినిపించి చూడు.

నాటిక ఒక పీరియడ్‌లో ముగియాలి, ఐదారుగురితో నడవాలి. పరీక్షలు గానీ జ్వరం గానీ అడ్డొస్తాయి గనుక ప్రతి పాత్రనూ ఇద్దరి చేత నేర్పించు. రచయిత అనుమతి రాతపూర్వకంగా చేతికి వచ్చాకే రిహార్సళ్లు మొదలుపెట్టండి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు